టీవీలో గంటలో తేలే వంశవృక్షం

ప్రశ్న: బ్రిటన్ టీవీలో ప్రముఖుల పూర్వీకులను వెతికి చూపించే ‘హూ డు యు థింక్ యు ఆర్?’ చూసి, ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన మా కోడలు తన పూర్వీకుల గురించి వెతకాలంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: 2004లో బీబీసీ మొదలుపెట్టిన ఆ కార్యక్రమంలో మనం చూసేది దొరికిన కాగితాలనే. వాటి వెనక పరిశోధకుల వెతుకులాట చాలా ఉంటుంది. అది చూసి తొందరపడొద్దనండి.

ముందు తన జనన పత్రం తీయాలి. అందులోని తల్లి పుట్టింటి పేరుతో అమ్మానాన్నల పెళ్లి నమోదు దొరుకుతుంది. పెళ్లి పత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. అలా ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ నమోదు 1837 జులైలో మొదలైంది. అంతకుముందువైతే చర్చి రిజిస్టర్లే.

పేర్లున్న జనాభా లెక్కలు 1841 నుంచి 1921 వరకు చూడొచ్చు. 1931వి కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల తీయనేలేదు. ఆ లోటును, యుద్ధం మొదలవగానే ప్రజల వివరాలు రాసుకున్న 1939 రిజిస్టరు కొంత తీరుస్తుంది.

చాలామంది 1841 లెక్కల దగ్గరే పొరబడతారు. పదిహేనేళ్లు దాటినవారి వయసును చాలాచోట్ల ఐదేసి లెక్కకు తగ్గించి రాశారు. 34 ఏళ్ల మనిషి 30గా కనిపిస్తాడు. ఒకే ఊళ్లో అదే పేరుతో ఇద్దరుంటే, 1851 లెక్కల్లో పుట్టిన ఊరు, వృత్తి పోల్చి చూశాకే చెట్టులో చేర్చాలి.