కేజీ లోపు ట్రైపాడ్ వద్దు, కేజీన్నర లోపు చూడండి

డిసెంబరులో అరకు, వంజంగి, లంబసింగి వెళ్తున్నాననీ, మిర్రర్‌లెస్ కెమెరాతో పాటు 18-135 ఎంఎం జూమ్ లెన్సు (135 దగ్గర దూరంలోవి బాగా దగ్గరగా కనిపిస్తాయి) ఉందనీ, కేజీ లోపు బరువున్న మంచి ట్రైపాడ్ చెప్పమనీ అడిగారు. ఆ కొండలకు చలికాలంలో కెమెరా పట్టుకుని తిరిగిన అనుభవంతో చెప్తున్నాను. కేజీ అనే లెక్క పక్కన పెట్టండి. 1.2 నుంచి 1.5 కేజీల మధ్య చూస్తే మీ పనికి సరిపోయేవి దొరుకుతాయి.

కేజీ కంటే తక్కువ బరువు రావాలంటే కాళ్ల గొట్టాలు సన్నం చేయాలి, లేదా ఎత్తు తగ్గించాలి. చాలా కంపెనీలు గొట్టాలు సన్నం చేసి, తగ్గిన ఎత్తును మధ్యలో ఉండే సెంటర్ కాలమ్‌తో పూడుస్తాయి. బాక్సు మీద 150 సెంటీమీటర్లు అని కనిపించే ఎత్తు చాలావరకు ఆ కాలమ్ పూర్తిగా పైకి లాగితే వచ్చేదే. అలా లాగాక కెమెరా బరువంతా ఒక సన్నని కడ్డీ చివరన ఉంటుంది. కాళ్లు ఎంత గట్టిగా ఉన్నా పైన ఊగుతూనే ఉంటుంది. అందుకే కొనేముందు కాలమ్ ఎత్తకుండా ఎంత ఎత్తు వస్తుందో చూడండి. 120 సెంటీమీటర్లు దాటితే చాలు. మీ కెమెరా స్క్రీన్ పైకి తిరిగేదైతే ఛాతీ ఎత్తులో పెట్టి హాయిగా తీయొచ్చు.

తర్వాత చూడాల్సింది అన్నిటికంటే కింద ఉండే గొట్టం మందం. కాళ్లు ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టపు ముక్కలుగా, అంటే సెక్షన్లుగా ఉంటాయి. నాలుగు సెక్షన్ల కాళ్ల కంటే అయిదు సెక్షన్లవి చిన్నగా ముడుచుకుంటాయి గానీ, ఆ అయిదోది చాలా సన్నగా ఉంటుంది. వంజంగిలో పొద్దు పొడవకముందే జనం కొండ మీదికి చేరతారు, గాలి కూడా వీస్తుంది. మేఘాల మీద వెలుగు పడే ముందు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం అర సెకను, ఒక సెకను దాకా వెళ్తుంది. ఆ సమయంలో సన్నకాళ్ల ట్రైపాడ్ వణికితే 135 దగ్గర జూమ్ చేసిన ఫోటోలో కొండ అంచులు మెత్తబడిపోతాయి. నాలుగు సెక్షన్లదే తీసుకోండి. ఎత్తు తక్కువ చాలినప్పుడు పైన ఉన్న లావు సెక్షన్లే తెరిచి, కింది సన్నదాన్ని లోపలే ఉంచండి.

ఎంత బరువు మోస్తుందో చెప్పే లోడ్ కెపాసిటీ 8 కేజీలు, 10 కేజీలు అని రాస్తారు. దాన్ని కొలవడానికి అందరూ పాటించే పద్ధతి ఏదీ లేదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. మీ కెమెరా, లెన్సు కలిపినా కేజీకి అటూఇటూ ఉంటాయి కాబట్టి ఆ అంకెను పెద్దగా పట్టించుకోకండి.

మోడళ్లు అడిగారు కాబట్టి చెప్తాను. మాన్‌ఫ్రాటో బీఫ్రీ అడ్వాన్స్‌డ్ అల్యూమినియంది దాదాపు కేజీన్నర ఉంటుంది, ముడిస్తే 40 సెంటీమీటర్లు. పీక్ డిజైన్ ట్రావెల్ ట్రైపాడ్ అయిదు సెక్షన్లది, దాన్ని బరువు పోలిక కోసమే చెప్తున్నాను: అల్యూమినియంలో 1.56 కేజీలు, కార్బన్ ఫైబర్‌లో 1.27 కేజీలు. అంటే కార్బన్‌తో తగ్గేది 300 గ్రాముల లోపే, ధర మాత్రం బాగా పెరుగుతుంది. కార్బన్‌కి ఇంకో సుఖం ఉంది. లంబసింగి చలిలో తెల్లవారుజామున అల్యూమినియం కాళ్లు పట్టుకుంటే చేతులు కొంకర్లు పోతాయి, కార్బన్ అంత చల్లగా తగలదు. అయినా మొదటి ట్రైపాడ్‌కి అల్యూమినియం చాలనే నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో అరకు దారిలోని కటికి జలపాతం కోసం, లెన్సులోకి వచ్చే వెలుతురును తగ్గించే ఒక ఎన్‌డీ ఫిల్టర్ కొనుక్కోండి. పగటి వెలుతురులో అది లేకుండా నీళ్లు పాలధారలా రావు.

హెడ్ (కెమెరా కూర్చునే పై భాగం) విషయంలో ఒకటే మాట, కెమెరా అడుగున బిగించే ప్లేటు చాలా కంపెనీలు వాడే ఆర్కా స్విస్ రకమై ఉండాలి. అదొక్కటి పోగొట్టుకున్నా ఇంకోటి సులువుగా దొరుకుతుంది. కొన్ని కంపెనీల సొంత ప్లేట్లు పోతే మళ్లీ దొరికేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

వీలైతే హైదరాబాద్ కోఠిలోనో, మీ ఊళ్లోని కెమెరా షాపులోనో మీ కెమెరా బిగించి చూసి కొనండి. కాళ్లన్నీ తెరిచి లాకులు వేసి, పైనుంచి చేత్తో నొక్కండి. ఏ కాలైనా లోపలికి జారితే అది వద్దు. తర్వాత 135 దగ్గర దూరంగా ఉన్న బోర్డు మీద ఫోకస్ చేసి, స్క్రీన్‌లో పెద్దది చేసి, కాలి మీద వేలితో తట్టండి. బొమ్మ ఎంతసేపు ఊగుతుందో కళ్లముందే తెలిసిపోతుంది. నాకు ఏ రివ్యూ కన్నా ఈ పరీక్షే నమ్మకం.

అక్కడికి వెళ్లాక గాలి ఎక్కువుంటే కాలమ్ కింద ఉన్న కొక్కేనికి మీ బ్యాగు తగిలించండి, కానీ బ్యాగు నేలకు కాస్త ఆనాలి. గాల్లో వేలాడితే అదే ఊగి ట్రైపాడ్‌ని కదుపుతుంది. షట్టర్ వేలితో నొక్కకుండా 2 సెకన్ల టైమర్ పెట్టండి.

విశాఖ దాకా విమానమైతే ట్రైపాడ్‌ని చెక్-ఇన్ బ్యాగులో పెట్టేయండి. క్యాబిన్ బ్యాగుకి మామూలుగా 7 కేజీలే ఇస్తారు, సెక్యూరిటీ దగ్గర టెన్షన్ కూడా ఉండదు. తిరుగు ప్రయాణంలో భీమిలి బీచ్‌లో కూడా తీస్తే, రూముకి రాగానే కాళ్లు మంచినీళ్లతో కడిగి, తెరిచి ఆరబెట్టండి. ఇసుక, ఉప్పు లోపల ఉండిపోతే కాళ్లను తిప్పి బిగించే ట్విస్ట్ లాకులు బిగుసుకుపోతాయి.