పిల్లవాణ్ణి హాస్టల్లో చేర్చాలా?

అమ్మా, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు మీ ఊరిమీద పడినప్పుడు ఇల్లూ గొడ్లూ పోయాయని, పొలంలో ఇసుక మేట వేయడంతో కడపకు వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నామని రాశారు. అప్పుడు ఐదేళ్ళున్న మీ అబ్బాయి, తొమ్మిదేళ్ళు వచ్చినా మబ్బు పడితే బడికి పోనంటున్నాడు, రాత్రిళ్ళు పక్క తడుపుతున్నాడు. హాస్టల్లో వేస్తే ధైర్యం వస్తుందని మీ ఆయన పట్టుబడుతున్నారు.

ఇప్పట్లో హాస్టల్ వద్దు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, బాంబుల భయంతో లండన్ పిల్లలను పల్లెలకు పంపుతున్న రోజుల్లో, లండన్‌లో శిశు నిలయాలు నడిపిన పిల్లల మానసిక విశ్లేషకురాలు ఆనా ఫ్రాయిడ్, తల్లి పక్కనే ఉండి బాంబుల మోత విన్న పిల్లలకంటే తల్లికి దూరమైన పిల్లలే ఎక్కువగా కుంగిపోవడం గమనించారు.

వాన మొదలవగానే మీ ఆయన మాటా పలుకూ లేకుండా వీధిలోకి పోయి నిలబడతారని, ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తరని ఉత్తరం చివర రాశారు. అసలు సంగతి అక్కడే ఉందని నాకనిపిస్తోంది. పిల్లవాడు మబ్బును చూసేది తండ్రి ముఖంలోనే. శరణార్థి శిబిరాల్లో పనిచేసేవారు పిల్లలతోపాటు తల్లిదండ్రుల నిద్ర, తిండి, దిగులు గురించి కూడా అడిగేది ఇందుకే.

పగటిపూట, ముగ్గురూ కూర్చున్నప్పుడు, ఆ రోజు ఏం జరిగిందో వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ఏరు మళ్ళీ వస్తుందా అని అడిగితే, ఎన్నటికీ రాదని ఒట్టు వేయకుండా, నీళ్ళొస్తే మనం ఎక్కడికి పోతామో చెప్పండి. మబ్బు పట్టిన రోజున తండ్రే బడిదాకా తీసుకుపోవడం మంచిది. మానేసిన కొద్దీ భయం ముదురుతుంది గనుక టీచరుకు ముందే చెప్పి ఉంచండి. పక్క తడిపితే తిట్టకండి, చుట్టాల ముందు ఆ మాట ఎత్తకండి. మీ అత్తగారు కట్టించిన తాయెత్తు ఉండనివ్వండి, దానికోసం గొడవ అక్కరలేదు.

నాలుగేళ్ళు గడిచాయి కాబట్టి ఇంకా ఆగకుండా కడప సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మధుమేహం లేవని కూడా పరీక్ష చేయించాలి. వెళ్ళేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లవాడి పేరు చెప్పి మీ ఆయననూ వెంట తీసుకుపోయి, ఆయన నిద్ర గురించి డాక్టరుగారి ముందు మీరే మొదలుపెట్టండి.