చెస్ నొటేషన్ చదవడం, రాయడం: మొదటి టోర్నమెంటుకు ముందు పిల్లలకు ఎలా నేర్పాలి?

ఐదో తరగతి చదివే మీ పాపకు ఆట బాగానే వచ్చనీ, వచ్చే నెలలో మొదటి క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చి ఆడించే) రేటింగ్ టోర్నమెంటు ఉందనీ, కానీ ఎత్తులు గుర్తుల్లో రాయమంటే, అంటే నొటేషన్ రాయమంటే, తడబడుతోందనీ, నల్లపావులతో ఆడేటప్పుడు మరీ ఎక్కువనీ రాశారు. నెల రోజుల్లో వచ్చేస్తుందండీ, రోజూ పావుగంట కూర్చోబెడితే చాలు. అయితే మొదటిరోజే స్కోర్‌షీట్ (ఆటలో ఎత్తులు రాసుకునే కాగితం) చేతికిచ్చి రాయమనకండి. ముందు గడుల పేర్లు, తర్వాత చదవడం, ఆఖర్న రాయడం. ఈ వరుస తప్పినప్పుడే పిల్లలు రాతలో పడి ఆటను వదిలేస్తారు.

ఈ జవాబులో అక్షరాలన్నీ తెలుగులోనే రాస్తున్నాను. చదవడానికి వీలుగా పావు అక్షరానికీ గడి పేరుకూ మధ్య ఖాళీ వదిలాను. షీటు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా కలిపి రాయాలి. సొంత భాషలోని పొట్టి అక్షరాలు వాడుకోవడానికి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే నియమాలు ఒప్పుకుంటాయి కానీ మన దగ్గర టోర్నమెంట్లన్నిటా ఇంగ్లిష్ అక్షరాలే నడుస్తాయి. అవే నేర్పండి.

గడులతో మొదలుపెట్టండి. తెల్లపావులవైపు కూర్చుంటే ఎడమచేతి మూల గడి ఎ1, అది నల్ల గడి. కుడిచేతి మూల హెచ్1, అది తెల్ల గడి. నిలువు వరుసలు ఎడమ నుంచి కుడికి ఎ నుంచి హెచ్ వరకు, అడ్డు వరుసలు తెల్లవైపు నుంచి 1 మొదలుకొని 8 వరకు. అక్షరం ముందు, అంకె తర్వాత. రాజులిద్దరూ ఇ వరుసలో, మంత్రులిద్దరూ డి వరుసలో మొదలవుతారు. ఈ రెండూ గుర్తుంటే మధ్య గడులు దొరకడం తేలిక. ఒక గడి తెల్లదో నల్లదో బోర్డు చూడకుండా చెప్పాలంటే ఎ=1, బి=2 అని లెక్కపెట్టి అంకెతో కలపాలి. మొత్తం సరిసంఖ్య అయితే నల్ల గడి, బేసి అయితే తెల్ల గడి. ఇ4 అంటే 5+4=9, కాబట్టి తెల్లది. మొదటి నాలుగైదు రోజులు ఇంతకుమించి ఏమీ వద్దు. మీరు గడి పేరు చెప్పండి, పాప వేలు పెట్టాలి. తర్వాత మీరు వేలు పెట్టండి, పాప పేరు చెప్పాలి. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో కోఆర్డినేట్స్ అనే ఉచిత సాధన ఉంది, అందులో నల్లవైపు నుంచి కూడా చేయించండి.

మీ పాప నల్లపావులతో ఎందుకు తడబడుతోందో షీటు చూస్తేనే తెలిసిపోతుంది. గడుల పేర్లు ఎప్పుడూ తెల్లవైపు నుంచే లెక్క, మనం ఎటు కూర్చున్నా మారవు. నల్లవైపు కూర్చున్నప్పుడు ఎడమచేతి చివర హెచ్ వరుస, మనకు దగ్గరి అడ్డు వరుస 8. పిల్లలు అలవాటు కొద్దీ తమ ఎడమ నుంచి ఎ, తమ దగ్గర్నుంచి 1 అని లెక్కపెట్టేస్తారు. అప్పుడు ఇ5 కాస్తా డి4 అవుతుంది, ఎన్ సి6 కాస్తా ఎన్ ఎఫ్3 అవుతుంది. షీటులో నల్లవైపు మొదటి ఎత్తు డి4 అనో సి3 అనో కనిపిస్తే కారణం ఇదే, ఎందుకంటే మొదటి ఎత్తులో నల్లబంటు 6వ వరుసకో 5వ వరుసకో మాత్రమే రాగలదు. ఇలా తలకిందులైన షీటును పారేయక్కర్లేదు. అంకెను 9 లోంచి తీసేయాలి, అక్షరాన్ని ఎ-హెచ్, బి-జి, సి-ఎఫ్, డి-ఇ జతల్లో మార్చుకోవాలి. అసలు ఎత్తు బయటపడుతుంది.

ఇంట్లో తాతగారో బాబాయిగారో పాత పుస్తకాలతో చెస్ నేర్చుకున్నవాళ్లయితే ఈ గందరగోళం ఇంకాస్త పెరుగుతుంది. పాత ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇ4 ని పి-కె4 అని రాసేవారు, అంటే రాజు వరుసలో బంటు నాలుగో గడికి అని. ఆ పద్ధతిలో ఎవరి ఎత్తును వాళ్ల వైపు నుంచే లెక్కపెడతారు, అందుకే నల్ల ఆడే ఇ5 కూడా పి-కె4 అవుతుంది. ఫిడే 1981 నుంచి ఆ పద్ధతిని ఒప్పుకోవడం లేదు. ఆ పుస్తకాలు మంచివే, పాప పెద్దయ్యాక చదువుకోవచ్చు. ఈ నెలలో మాత్రం రెండూ కలపకండి.

పావుల అక్షరాలు ఒక్క పూటలో వస్తాయి. రాజు కె, మంత్రి క్యూ, ఏనుగు ఆర్, ఒంటె బి, గుర్రం ఎన్. గుర్రం ఇంగ్లిష్ పేరు కూడా కె తోనే మొదలవుతుంది కానీ ఆ అక్షరం రాజుకు పోయింది కాబట్టి గుర్రానికి ఎన్ ఇచ్చారు. పిల్లలు కొన్నాళ్లు గుర్రానికి కె రాస్తారు, ప్రతిసారీ దిద్దండి. బంటుకు అక్షరం లేదు, చేరిన గడి పేరు రాస్తే చాలు.

చంపడానికి గుణకారం గుర్తు. గుర్రం ఇ5 లో ఉన్నదాన్ని చంపితే ఎన్×ఇ5. బంటు చంపితే అది బయల్దేరిన నిలువు వరుస అక్షరం ముందు రాయాలి: ఇ×డి5. ఆంపాసాంలో (రెండు గడులు దూకి పక్కకొచ్చిన బంటును, ఒక్క గడే కదిలినట్టు లెక్కేసి మన బంటుతో చంపడం), చచ్చిన బంటున్న గడి కాదు, మన బంటు చేరిన గడి రాయాలి. తెల్లబంటు ఇ5 లో ఉండగా నల్ల డి7 నుంచి డి5 కి తోస్తే, దాన్ని చంపడం ఇ×డి6 అవుతుంది. చెక్‌కు +, కట్టుకు (చెక్‌మేట్‌కు) # లేదా ++. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం) చిన్నవైపు అయితే 0-0, పెద్దవైపు 0-0-0. బంటు మంత్రి అయితే ఇ8=క్యూ. నిజానికి చంపే గుర్తు, చెక్ గుర్తు రాయకపోయినా ఫిడే నియమాల ప్రకారం తప్పు లేదు, కానీ ఎక్కడో ఒక ఎత్తు తప్పు రాస్తే దాన్ని పట్టిచ్చేవి అవే. రాయించండి.

పెద్ద పిల్లలు కూడా తప్పేది ఒకచోట ఉంది: ఒకే రకం పావులు రెండు ఒకే గడికి వెళ్లగలిగినప్పుడు. గుర్రాలు బి1, ఎఫ్3 లో ఉంటే రెండూ డి2 కి రాగలవు. బి1 గుర్రం కదిలితే ఎన్ బి డి2 అని వరుస అక్షరం చేర్చాలి. రెండూ ఒకే నిలువు వరుసలో ఉంటే అంకె చేర్చాలి: ఏనుగులు ఎ1, ఎ5 లో ఉండి కిందిది ఎ3 కి వస్తే ఆర్ 1 ఎ3. రెండిట్లో ఒకటి రాజుకు అడ్డుగా ఇరుక్కుని కదల్లేకపోతే ఏమీ చేర్చక్కర్లేదు. ఉదాహరణకు తెల్లరాజు ఇ1 లో, సి3 గుర్రాన్ని బి4 ఒంటె పట్టేసి ఉంటే, జి1 గుర్రం కదలికను ఎన్ ఇ2 అని రాస్తే చాలు. అనుమానం ఉంటే చేర్చమనండి, ఎక్కువ రాసినందుకు ఎవరూ ఏమీ అనరు.

ఇక చదవడం. ఈ చిన్న ఆటను బోర్డు మీద ఆడించండి, గుర్తులు చాలావరకు ఇందులోనే వస్తాయి (ఇందులో బి అన్నచోటల్లా ఒంటే):

1. ఇ4 ఇ5
2. ఎన్ ఎఫ్3 డి6
3. బి సి4 బి జి4
4. ఎన్ సి3 జి6
5. ఎన్×ఇ5 బి×డి1
6. బి×ఎఫ్7+ కె ఇ7
7. ఎన్ డి5#

ఆఖర్న తెల్ల గుర్రాలు ఇ5, డి5 లో, తెల్ల ఒంటె ఎఫ్7 లో, నల్ల రాజు ఇ7 లో, నల్ల ఒంటె డి1 లో ఉండాలి. అలా లేకపోతే ఎక్కడ దారి తప్పిందో మీరు చెప్పకండి, మొదటి నుంచి మళ్లీ పాపనే ఆడి వెతకనివ్వండి. చదవడం బాగా వంటబట్టేది ఆ వెతుకులాటలోనే.

ఇది కుదిరాక కొంచెం పైమెట్టు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయిన 14వ ఆట చివరి ఎత్తులు చూడండి. తెల్లపావులతో ఆడిన డింగ్ లిరెన్ 55వ ఎత్తుగా ఆర్ ఎఫ్2 ఆడాడు, గుకేశ్ ఆర్×ఎఫ్2. తర్వాత 56. కె×ఎఫ్2 బి డి5, 57. బి×డి5 కె×డి5, 58. కె ఇ3 కె ఇ5, తెల్ల ఓటమి ఒప్పుకుంది. బోర్డు లేకుండా ఈ గీతలే చదవమనండి. ఏనుగులు పోయాయి, ఒంటెలు పోయాయి, చివరికి రాజులు మాత్రమే నడుస్తున్నాయని పాప చెప్పగలిగితే, మిగిలింది రాజు-బంట్ల ఆట అని తనే గ్రహించినట్టు. నొటేషన్ చదవడమంటే అక్షరాలు కూడబలుక్కోవడం కాదు, ఇదీ.

మూడో వారంలో రాత. కదపాలి, గడియారం నొక్కాలి, తన ఎత్తు రాయాలి. ఎదుటివాళ్లు ఆడగానే వాళ్ల ఎత్తు రాసి, అప్పుడు ఆలోచించాలి. ఆడబోయే ఎత్తును ముందే రాసి చూసుకోవడం నిషిద్ధం. ఒకే స్థితి మూడోసారి రాబోతోందని గానీ, 50 ఎత్తుల నియమం (బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా 50 ఎత్తులు గడవడం) కింద గానీ డ్రా అడిగేటప్పుడు మాత్రం ఆ ఎత్తు రాసి, ఆడకుండా ఆర్బిటర్‌ని (ఆట నిర్ణేతను) పిలవాలి. ఎదుటివాళ్ల ఎత్తు రాయకముందే జవాబు ఆడే వెసులుబాటు నియమాల్లో ఉంది, కానీ చిన్నపిల్లలకు అది అలవాటు చేయకండి, ఎత్తులు జారిపోయేది అక్కడే. డ్రా ప్రతిపాదన వస్తే ఇద్దరూ (=) అని రాయాలి. ఆశ్చర్యార్థకాలు, ప్రశ్నార్థకాలు, సొంత గుర్తులు ఆట మధ్యలో రాయకూడదు.

గడియారంలో 5 నిమిషాల కన్నా తక్కువ మిగిలితే రాయక్కర్లేదని పిల్లలు వినివుంటారు. ఎత్తుకు 30 సెకన్లో అంతకుమించో కలిసే ఆటల్లో ఆ మినహాయింపు లేదు. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు అని ప్రకటనలో ఉంటే చివరిదాకా రాయాల్సిందే. కాబట్టి ఒక్కో ఎత్తు నాలుగైదు సెకన్లలో రాయగలిగేలా సాధన కావాలి. మీరు గబగబా ఎత్తులు చదువుతుంటే పాప రాసుకోవడం, ఆ షీటు చూసి ఆట మళ్లీ ఆడటం రోజుకు ఒకసారి చాలు.

చేతిరాత కూడా చూడండి. చిన్న బి అంకె 6 లా, చిన్న జి అంకె 9 లా, సి ఇ ఒకదానిలా ఒకటి, 1 అంకె 7 లా కనిపిస్తుంటాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు బి. పెద్ద బి×సి3 అంటే ఒంటె చంపింది, చిన్న బి×సి3 అంటే బంటు చంపింది. పావులకు పెద్ద అక్షరం, గడులకు చిన్న అక్షరం అన్నది ఇక్కడ గట్టిగా పట్టించాలి. నకలు కాగితం ఉన్న షీట్ల మీద పెన్నుతో కాస్త నొక్కి రాయాలి.

ఒక ఎత్తు రాయడం మరిచిపోతే ఆ గడి ఖాళీగా వదిలి తర్వాతి వరుసలో కొనసాగించమనండి. పైకి జరిపి రాసుకుంటూపోతే తెల్ల ఎత్తులు నల్ల వరుసలోకి వెళ్లి షీటంతా పనికిరాకుండా పోతుంది. ప్రతి పది ఎత్తులకోసారి ఎదుటివాళ్ల షీటులోని ఎత్తు సంఖ్యతో తనది సరిపోయిందో లేదో చూసుకోవడం మంచి అలవాటు.

ఆట అయ్యాక ఫలితం 1-0, 0-1 లేదా ½-½ అని రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. అసలు షీటు నిర్వాహకులది, నకలు మీది. ఆ సాయంత్రమే దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించండి, మర్నాటికి అర్థంకాని రాత అప్పుడైతే పాపకు గుర్తుంటుంది. ఎక్కించేటప్పుడు క్యాస్లింగ్‌కు సున్నాలకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టండి, సున్నా కొడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు తీసుకోవు.