తలదాచుకున్నాం, తలెత్తలేకపోతున్నాం

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

(వ్యానునే ఇల్లుగా చేసుకున్నవారి నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: లోపల నిటారుగా నిలబడలేకపోవడం. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాం.)

ప్రశ్న: మేము భార్యాభర్తలం. ఇల్లు ఖాళీ చేసి ఐదు నెలలుగా వ్యానులోనే ఉంటున్నాం. కొన్నప్పుడు లోపలి ఎత్తు 172 సెంటీమీటర్లు ఉండేది. నేల మీద ఇన్సులేషన్ షీటు, ప్లైవుడ్, వినైల్, కప్పు కింద మళ్ళీ ఇన్సులేషన్, చెక్క పలకలు వేయించేసరికి అది 164కు దిగింది. ఆవిడ ఎత్తు 163 కాబట్టి జుట్టు కప్పుకు రాసుకోవడం తప్ప పెద్ద ఇబ్బంది లేదు. నా ఎత్తు 178. వంట చేయడం, గిన్నెలు కడగడం నా వంతు. నెల రోజులుగా నడుము, మెడ పట్టేస్తున్నాయి. తలదాచుకోవడానికి చోటు దొరికింది గానీ తలెత్తడానికి దొరకలేదని ఆవిడ నవ్వుతోంది. కప్పు కోయించి ఎత్తు పెంచుకోవాలా, వ్యాను అమ్మేయాలా, లేక కొన్నాళ్ళకు నేనే అలవాటు పడతానా?

సమాధానం: అలవాటు పడరు. ఆ ఆశ ముందే వదులుకోండి. 14 సెంటీమీటర్ల లోటును శరీరం మూడు చోట్ల పంచుకుంటుంది: మెడ ముందుకు వాలుతుంది, నడుము గూనిగా వంగుతుంది, మోకాళ్ళు కొద్దిగా మడత పడతాయి. సుమారు 5 కిలోల బరువుండే తల వెన్నెముకకు సూటిగా పైన ఉన్నంతసేపు మెడ కండరాలకు పెద్ద శ్రమ ఉండదు. అదే తల ముందుకు జరిగితే, గిన్నెలన్నీ కడిగే వరకు ఆ బరువును మెడ వెనుక కండరాలే లాగిపట్టుకోవాలి.

నడుము సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. జర్మనీకి చెందిన హాన్స్ యోఅఖిమ్ విల్కే బృందం ఒక వ్యక్తి నడుములోని డిస్కులో (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళలో) సెన్సారు అమర్చి, రకరకాల భంగిమలలో అందులో ఎంత ఒత్తిడి పుడుతుందో కొలిచి 1999లో ఆ ఫలితాలను ప్రచురించింది. నిటారుగా నిలబడినప్పుడు ఒత్తిడి 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఉండగా, నిలబడి ముందుకు వంగినప్పుడు 1.1కు చేరింది. వెనక్కి ఆనుకోకుండా, ఒళ్ళు బిగించకుండా కూర్చున్నప్పుడు 0.46 మాత్రమే ఉంది. ఇది ఒక్క మనిషి మీద చేసిన కొలత, పైగా మీరు అంత పూర్తిగా వంగి ఉండరు. అయినా మీకు పనికివచ్చే సంగతి ఇందులో ఉంది: కూర్చోవడం మీ నడుముకు శత్రువు కాదు, వంగి నిలబడడమే శత్రువు.

నా అభిప్రాయంలో 164 సెంటీమీటర్ల వ్యాను 140 సెంటీమీటర్ల వ్యాను కంటే మీకు ఎక్కువ హాని చేస్తుంది. 140లో నిలబడాలన్న ఆలోచనే రాదు. ఎవరైనా కూర్చునో, మోకాళ్ళ మీదనో పని చేసుకుంటారు. 164 మాత్రం నిలబడవచ్చునేమో అన్న భ్రమ కలిగిస్తుంది. నేను ఇంచుమించు ఇలాంటి ఎత్తున్న వ్యానులో మూడేళ్ళు గడిపాను. మొదటి ఏడాదంతా నిలబడడానికి ప్రయత్నించడంలోనే గడిచిపోయింది. అందుచేత కప్పు జోలికి వెళ్ళే ముందు, మీ వ్యానును కూర్చుని బతికే ఇల్లుగా మార్చి చూడండి. ఖర్చు ప్లైవుడ్‌కూ వడ్రంగి కూలికీ మించదు.

ముందుగా వంట గట్టు. మీరు దాన్ని నిలబడి వండే ఇళ్ళలో లాగా 90 సెంటీమీటర్ల ఎత్తున కట్టించి ఉంటారని అనుకుంటున్నాను. 45 సెంటీమీటర్ల స్టూలు మీద కూర్చుని పని చేయాలంటే గట్టు 70 నుంచి 72 దాకా దిగాలి. స్టూలు ముందు గట్టు కింద 60 సెంటీమీటర్ల వెడల్పున అరలేమీ లేకుండా ఖాళీ వదలండి. మోకాళ్ళు దూరే చోటు లేకపోతే కూర్చున్నా ముందుకు వంగక తప్పదు, అప్పుడు పడ్డ శ్రమంతా వృథా. సింకును ఈ ఖాళీకి సరిగ్గా పైన పెట్టకండి. 13 సెంటీమీటర్ల లోతున్న చిన్న సింకు అయినా 72 నుంచి తీసేస్తే దాని అడుగు 59 దగ్గరకు వస్తుంది, మోకాళ్ళకు తగులుతుంది. పక్కకు జరిపి, చేయి చాపితే అందేలా అమర్చండి. పొయ్యి విషయంలో ఇంకా కచ్చితంగా ఉండాలి. నిలబడి వండేటప్పుడు గిన్నె ఒలికితే వెనక్కి ఒక అడుగు వేయగలం, కూర్చున్నవారి ఒడి మాత్రం సరిగ్గా గట్టు అంచు కిందే ఉంటుంది. కనుక పొయ్యి ఎప్పుడూ మోకాళ్ళ ఖాళీకి పక్కన, గోడ వైపు ఉండాలి. దాని ముందు అంచున గిన్నె జారకుండా చిన్న కమ్మీ బిగించాలి. ఇంత తక్కువ గాలి ఉండే చోట గ్యాసు వెలిగించినంతసేపు కిటికీ గాని, కప్పులోని ఫ్యాను గాని తెరిచి ఉంచడం, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోవడం తప్పనిసరి అని వేరే చెప్పనక్కరలేదు.

వాన లేని రోజుల్లో నిలబడి వండాలనిపిస్తే బయట నిలబడండి. పక్కకు జరిగే తలుపు దగ్గర గట్టు చివరకు మడత పలక ఒకటి బిగించుకోవచ్చు. కాకపోతే చాలామంది దాన్ని గట్టుతో సమానమైన ఎత్తులో పెట్టి భంగపడతారు. వ్యాను నేల రోడ్డు నుంచి 55, 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి, లోపల 72 ఉన్న గట్టు, రోడ్డు మీద నిలబడినవారికి 130 దాకా వచ్చి గుండెల దగ్గరకు చేరుతుంది. పలకను వ్యాను నేల నుంచి 30, 35 సెంటీమీటర్ల ఎత్తులోనే బిగిస్తే రోడ్డు మీద నిలబడిన మీకు అది 90 అవుతుంది.

పడక లెక్క చిన్నదే. కూర్చున్నప్పుడు పిరుదుల నుంచి నడినెత్తి దాకా ఉండే ఎత్తు మొత్తం ఎత్తులో సగం కంటే కొంచెం ఎక్కువ. మీకు సుమారు 92 సెంటీమీటర్లు. 164 లోంచి 92, పైన ఊపిరాడేందుకు మరో 5 తీసేస్తే 67 మిగులుతుంది. పరుపు పైభాగం అంతకు మించితే, పొద్దున లేచి కూర్చోవడమే గండం. కింద సామాను కోసం పడకను 80, 90 దాకా ఎత్తినవారు ఏడాది తిరగకముందే దాన్ని మళ్ళీ దింపించుకోవడం నేను చూశాను. ఇక బట్టలు మార్చుకోవడం పడుకునే నేర్చుకోండి, వారంలో వచ్చేస్తుంది.

ఇవన్నీ చేసి నెల రోజులు చూడండి. నొప్పి తగ్గితే వ్యాను అమ్మనక్కరలేదు. నొప్పి కాలిలోకి పాకినా, చేతులు గాని కాళ్ళు గాని తిమ్మిరెక్కినా నెల దాకా ఆగకుండా డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నా వ్యాను లోపలి ఎత్తు 140 సెంటీమీటర్లే. ఒంటరిగా ఏడాది పొడవునా అందులోనే ఉంటాను. పైకి లేచే కప్పు వేయించడం మంచిదా, శాశ్వతంగా ఎత్తైన ఫైబర్ కప్పు వేయించడం మంచిదా?

సమాధానం: రెండూ నిలబడే చోటు ఇస్తాయి గానీ రెండింటి స్వభావం వేరు. పైకి లేచే కప్పు గొప్పతనమంతా అది దిగినప్పుడు ఉంటుంది. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన వ్యానును 1950లో మొదలుపెట్టిన మరుసటి ఏడాదే వెస్ట్‌ఫాలియా కంపెనీ దానికి సంచార గృహ సామగ్రిని అమర్చడం ప్రారంభించింది. ఆ వరుసలోనే వచ్చిన కాలిఫోర్నియా వ్యానులో టీ6 రకం ఎత్తును కప్పు దించినప్పుడు 1.99 మీటర్లకు మించకుండా ఉంచడం యాదృచ్ఛికం కాదు: ఎత్తైన బండ్లు రాకుండా 2 మీటర్ల ఎత్తున అడ్డ కమ్మీ ఉన్న పార్కింగులలోకి కూడా అది దూరిపోతుంది. సెలవులకు తిరిగేవారికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

మీరు మాత్రం ఏడాది పొడవునా ఉంటానంటున్నారు. లేచిన కప్పు పక్కల గోడలు గుడ్డవి. చలిని ఆపవు, చప్పుడును ఆపవు. గాలి బాగా వీచిన రాత్రి, మంచు పేరుకున్న రాత్రి కప్పు దించుకోవాలి, అంటే వాతావరణం బాగా లేక లోపలే ఉండిపోవలసిన రోజునే నిలబడే చోటు పోతుంది. తడి గుడ్డను మడిచి దించితే బూజు పడుతుంది, మరుసటి రోజు తప్పకుండా లేపి ఆరబెట్టాలి. ఇవన్నీ చిన్న పనులే. ఏడాదికి 300 రోజులు చేయవలసి వస్తే చిన్నవి కావు.

శాశ్వతమైన ఫైబర్ కప్పు ఈ బాధలు తప్పిస్తుంది, బదులుగా వేరేవి తెస్తుంది. పక్కగాలికి బండి ఊగుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది, ఎత్తు కమ్మీలున్న చోట్లకు ఇక పోలేదు. కొత్త ఎత్తును కొలిచి, స్టీరింగు పక్కన కంటికి ఎదురుగా పెద్ద అంకెలతో అంటించుకోండి. కొత్త కప్పు పెట్టించుకున్నవారు వంతెన కింద దూరబోయేది చాలావరకు మరిచిపోవడం వల్లనే.

రెండింటిలో ఏది వేయించినా ఇనుప కప్పును కోయాలి. ఈ వ్యానులలో చాలావాటికి వేరే చట్రం ఉండదు, బండి బాడీ మొత్తం కలిసి బరువు మోస్తుంది. కప్పు కిందుగా అడ్డంగా సాగే పక్కటెముకలు అందులో భాగం. వాటిని కోసి, ఆ చోట బలమైన ఉక్కు చట్రం బిగించకుండా కప్పు అంటించి ఇచ్చేవారి దగ్గరికి పోకండి. పని మొదలుపెట్టే ముందే పక్క ఎయిర్‌బ్యాగులు కప్పు అంచున ఉన్నాయేమో చూపించుకోండి. ఎత్తు మారిన సంగతిని రిజిస్ట్రేషను పత్రాలలోను, బీమాలోను నమోదు చేయించండి. ఇంత ఖర్చు పెట్టబోయే ముందు ఒక్కసారి మీ వ్యాను అమ్మితే ఎంత వస్తుందో అడిగి చూడమని నా సలహా. ఏడాది పొడవునా ఉండేవారికి, ఫ్యాక్టరీలోనే ఎత్తైన కప్పుతో తయారైన పాత వ్యాను కొనుక్కోవడం చాలాసార్లు కోయించడం కంటే మేలైన బేరం.

ప్రశ్న: నా ఎత్తు 183 సెంటీమీటర్లు. లోపలి ఎత్తు 193 అని కంపెనీ పుస్తకంలో ఉన్న ఖాళీ వ్యాను ఒకటి చూశాను. పది సెంటీమీటర్లు ఎక్కువే కదా, సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. మీరు చెప్పే అంకెను బట్టి అది ఫియట్ డుకాటో మధ్యరకం కప్పు అయి ఉండాలి; ఆ వ్యాను మూడు కప్పులలో లోపలి ఎత్తు వరుసగా 1662, 1932, 2172 మిల్లీమీటర్లు. ఇవన్నీ ఇనుప నేల నుంచి ఇనుప కప్పు దాకా తీసిన కొలతలు. నేలకూ కప్పుకూ కలిపి 7 సెంటీమీటర్లు పోతాయనుకుంటే మీకు 186 మిగులుతుంది. చెప్పులకు 2 తీసేయండి. నడిచేటప్పుడు తల ఒక్కో అడుగుకూ కొద్దిగా పైకి లేస్తుంది, దానికి మరో 2. పైగా రాత్రంతా పడుకున్నాక డిస్కులు నీరు పీల్చుకోవడం వల్ల ఎవరైనా పొద్దున ఒకటి, రెండు సెంటీమీటర్లు పొడుగ్గా ఉంటారు, కాబట్టి మీ తల మొదట తగిలేది నిద్రమత్తులోనే.

అదే వ్యాను కొనాలని మనసు పడితే మందం తగ్గించుకోవచ్చు. నేల గాడులలో మాత్రమే ఇన్సులేషన్ పట్టీలు నింపి, పైన సన్నటి ఫోము, 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించండి. కప్పులో ఇన్సులేషన్‌ను పక్కటెముకల కింద కాకుండా వాటి మధ్య నింపి, పలకను ఎముకలకే బిగించండి. ఎముకకూ పలకకూ మధ్య సన్నటి ఫోము పట్టీ వేయకపోతే ఆ గీతల వెంబడే చలికాలంలో నీటి చుక్కలు పడతాయి. ఇంత చేసినా మీకు మిగిలేది మూడు నాలుగు వేళ్ళ ఖాళీ. మూడో రకం కప్పు దొరికితే అదే కొనండి, బండి బయటి ఎత్తు సుమారు 2.75 మీటర్లవుతుందని గుర్తుంచుకుని.

ప్రశ్న: రెండేళ్ళుగా వ్యానులో ఉంటున్నా, వారానికి రెండుసార్లయినా తల కొట్టుకుంటూనే ఉన్నాను. ఉపాయం చెప్పండి.

సమాధానం: పది రోజుల పాటు, తల తగిలిన ప్రతిసారీ ఆ చోట సుద్దముక్కతో గీత పెట్టండి. గీతలన్నీ వ్యాను అంతటా ఉండవు. దాదాపు అన్నీ ఒకటి రెండు చోట్లే పడతాయి, ఎక్కువగా పైఅర తలుపు మూలన గాని, పక్క తలుపు పైకమ్మీ దగ్గర గాని. అర అయితే తలుపు ఊడదీసి గుడ్డ తెర వేలాడదీయండి. కమ్మీ అయితే, నీటి పైపులకు చుట్టే ఫోము గొట్టాన్ని పొడవునా చీల్చి తొడగండి. ముందుకు అంచు పొడుచుకొచ్చిన టోపీ పెట్టుకునే అలవాటుంటే లోపలికి ఎక్కే ముందే తీసేయండి. ఆ అంచు కంటికి పైన ఉన్నవాటినన్నింటినీ కప్పేస్తుంది.