ఆయన కోపం ఆయనకు ఇచ్చెయ్

అమ్మాయీ,

రాతప్రతి అందింది. అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన పాస్టర్ ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ జీవితం తెలుగులో రావాలని నీకు అనిపించడం సంతోషం. వాక్యం శుభ్రంగా ఉంది. మెచ్చుకోవడం ఇక్కడితో సరి. మూడో అధ్యాయంలో ఆయనను ‘అలబామా గాంధీ’ అన్నావు. అక్కడ కాగితాలు బల్లమీద పడేసి కాఫీకి లేచాను.

ఆ పోలిక పెట్టాక దాని కోసం ఎన్నిటిని కత్తిరించావో చూసుకున్నావా? 1956 క్రిస్మస్ రాత్రి పడకగది కింద డైనమైట్ పేలి ఇల్లు కూలితే, ఆయన లేచి నడుచుకుంటూ బయటికొచ్చాడు. ఊరు వదిలి పొమ్మన్న పోలీసుకు, పారిపోయే పెంపకం కాదు నాది అని జవాబిచ్చాడు. మర్నాడు జనాన్ని వెంటబెట్టుకుని బస్సుల్లో తెల్లవాళ్లకే కేటాయించిన సీట్లలో కూర్చోవడానికి వెళ్లాడు. ఇదంతా నాలుగు పేజీలు రాశావు, బాగుంది. కానీ ఆ తర్వాత ఆయన చర్చి, బెతెల్ బాప్టిస్ట్ మగవాళ్లు రాత్రిళ్లు తుపాకులతో కాపలా కాశారే, వాళ్లేరి? 1958 జూన్‌లో చర్చి పక్కన బాంబు కనబడితే ఇద్దరు కాపలాదారులు దాన్ని ఎత్తుకెళ్లి వీధి మధ్యలో పెట్టారు. అది అక్కడ పేలింది. ఇంతకన్నా మంచి సన్నివేశం నీ పుస్తకంలో మరొకటి ఉందా? తుపాకీ గాంధీకి అతకదని వదిలేశావు. నాకు తెలుసు, నీ తరానికి ఈ జబ్బు పత్రికలే అంటించాయి. ‘స్ఫూర్తిదాయకం’ అన్న ముద్ర లేనిదే ఏ జీవిత కథా గడప దాటదిప్పుడు.

నేనూ పడ్డాను ఆ బాధ. మా తాలూకాలో రాత్రి బడి నడిపిన ఒక మాస్టారి జీవితం రాసి, పేరున్న మాసపత్రికకు ఇచ్చాను. ఆయన తన సంఘంతోనే తెగదెంపులు చేసుకున్న అధ్యాయం తీసేస్తే వేస్తామన్నారు ఆ సంపాదకుడు. పెద్దమనిషికి మచ్చ ఎందుకండీ అని నవ్వాడు కూడా. తీసుకొచ్చేశాను. అప్పు చేసి నేనే అచ్చు వేయించుకున్నాను. సగం ప్రతులు ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి, మీ పిన్నికి ఊడ్చేటప్పుడల్లా అడ్డం. ఆ నవ్వు మాత్రం నాకింకా మింగుడుపడలేదు.

అందుకే చెబుతున్నాను, 1963 మే నెల మళ్లీ రాయి. ఇరవై ఏళ్లు కూడా నిండకముందు సారా కాచిన కేసులో దోషిగా తేలిన కుర్రవాడు, ట్రక్కు నడిపినవాడు, చదువుకుని పాస్టరై, నల్లవాళ్ల హక్కుల జాతీయ సంఘం ఎన్‌ఏఏసీపీని అలబామా కోర్టు స్తంభింపజేసిన కొద్ది రోజులకే, 1956 జూన్‌లో కొత్త సంఘం పెట్టాడు. ప్రతి సోమవారం రాత్రి సభ, పాటలు, చందా, కోర్టు ఖర్చుల లెక్క. 1957లో పిల్లలను తెల్లవాళ్ల ఫిలిప్స్ హైస్కూల్లో చేర్పించబోతే గొలుసులతో కొట్టారు, భార్య రూబీని కత్తితో పొడిచారు. అంత దెబ్బకూ పుర్రె పగలనందుకు డాక్టర్ ఆశ్చర్యపోతే, గట్టి ఊళ్లో ఉంటాననే దేవుడు గట్టి తల ఇచ్చాడన్నాడు. అలాంటివాడు మే 7న అగ్నిమాపక గొట్టం నీళ్ల దెబ్బకు ఆసుపత్రి పాలయ్యాడు. తిరిగి వచ్చేసరికి, వర్ణవివక్ష మీద ఊళ్లో నడుస్తున్న ప్రదర్శనలు ఆపడానికి మార్టిన్ లూథర్ కింగ్ ఒప్పుకున్నాడని తెలిసింది. కింగ్‌ను ఆ ఊరికి పిలిచింది తనే. జనానికి మాట ఇచ్చింది తనే. షటిల్స్‌వర్త్ కింగ్ మీద నిప్పులు కక్కాడు.

నువ్వేం రాశావు? ‘చర్చల అనంతరం ఒక ఒప్పందానికి వచ్చారు.’

ఇది నివేదిక భాష. తెల్లవాళ్ల మీద కోపం రాయడానికి ధైర్యం అక్కరలేదు, పాఠకుడు ముందే మన పక్షాన ఉంటాడు. తనవాళ్ల మీద, అందులోనూ కింగ్ మీద అరిచిన మనిషిని రాయడంలోనే నీ పని ఉంది. అరిచినవాడే రెండు రోజులకు, మే 10న, కింగ్ పక్కన కూర్చుని ఒప్పందాన్ని ప్రకటించాడు. ఆ రెండు రోజుల్లో ఆయన ఏం మింగి ఉంటాడో పాఠకుడు ఊహించుకోవాలంటే ముందు ఆ అరుపు వినబడాలి. తర్వాత సిన్సినాటిలో ఆయన చర్చే ఆయనతో గొడవపడి చీలిపోయింది. అదీ లేదు నీ ప్రతిలో. 2008లో బర్మింగ్‌హామ్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టడం మాత్రం పేజీన్నర ఉంది. రెండు వాక్యాలు చాలు దానికి.

ముందుమాట సంగతి, ప్రచురణకర్తల సంగతి అడిగావు. ముందు ఆ అధ్యాయం రానీ. పంపేటప్పుడు అక్షరాలు పెద్దవిగా, కాగితానికి ఒకవైపే అచ్చు తీయించు.

ఆశీస్సులతో,
మీ బాబాయి