దుకాణదారు మాట నమ్మి కొన్న రెండో మానిటర్

సందేహం: ఇంట్లోనే డిజైన్ పని చేసుకుంటూ బతుకుతున్నాను. నాది ఎం1 చిప్ ఉన్న యాపిల్ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ఎయిర్ అని, దానికి రెండు మానిటర్లు కలపాలని విజయవాడలోని ఒక దుకాణంలో చెప్పాను. మానిటర్లు, వాటిని ల్యాప్‌టాప్‌కు కలిపే హబ్ వాళ్లే ఎంచి ఇచ్చారు. తీరా తగిలిస్తే రెండింటిలోనూ ఒకే బొమ్మ వస్తోంది. వెనక్కి తీసుకోమంటే ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీదున్న ముద్ర చూపిస్తున్నారు. కేసు వేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: నిస్సందేహంగా వేయవచ్చు. అయితే ఫిర్యాదులో ‘మానిటర్ పాడైంది’ అని మాత్రం రాయకండి. దుకాణం వారు దాన్ని విండోస్ కంప్యూటర్‌కు తగిలించి చూపిస్తారు. అది నిక్షేపంగా పనిచేస్తుంది, మీ కేసు అక్కడే నీరుగారిపోతుంది. ఎం1 ఎయిర్ సొంతంగా నడపగలిగేది ఒక్క బయటి మానిటర్‌నే. ఆ సంగతి తెలియకుండానో, తెలిసి కూడా దాచో రెండు అంటగట్టారు. మీరు పట్టుకోవలసింది దాన్నే.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవారు తమ అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవారి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు సరుకు ఆ అవసరానికి తగినదై ఉండాలి. ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ కావాలని మీరే అడిగి కొన్నట్లయితే ఈ రక్షణ చాలావరకు పోతుంది. కాబట్టి ఎంచింది ఎవరన్నదే మీ కేసుకు ప్రాణం. కొనే ముందు ల్యాప్‌టాప్ వివరాలు వాట్సాప్‌లో పంపారా? పంపితే ఆ మెసేజీలు చెరపకండి. వాటి ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63(4) కింద ఎలక్ట్రానిక్ ఆధారాలకు ఇచ్చే ధ్రువపత్రం జతచేస్తే ఎదుటివారికి వంక దొరకదు.

వస్తువు ఉపయోగం గురించి తప్పుడు మాట చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీది ముద్ర ఆ తప్పును కప్పిపుచ్చలేదు. ‘ఇది వ్యాపారానికి కొన్నది’ అని వాదిస్తారేమో, భయపడకండి. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నవారూ వినియోగదారులే.

ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయించండి. కదలిక లేకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లండి. మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు చేసే హక్కును చట్టం ఇచ్చింది కనుక విజయవాడ తిరగనక్కర్లేదు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు.

ఈలోగా డిస్‌ప్లేలింక్ అడాప్టర్ (సాఫ్ట్‌వేర్ సాయంతో అదనపు తెరను నడిపే పరికరం) ఇస్తామని రాజీకి వస్తే కాదనకండి. దానితో ఎం1 మీద రెండో తెర వేరుగా నడుస్తుంది. కాకపోతే మీ డిజైన్ పనికి సరిపోతుందో లేదో వాడి చూశాకే ఒప్పుకోండి. సరిపోకపోతే మొత్తం సొమ్ము తిరిగి ఇస్తామని సంతకంతో, దుకాణం ముద్రతో ముందే రాయించుకోండి.