పాత ఎం42 లెన్స్‌కి ఇంట్లోనే అడాప్టర్ చేసుకుంటే షార్ట్ ఫిల్మ్‌కి పనికొస్తుందా?

మీ దగ్గర సోనీ ఈ-మౌంట్ (E అనే రకం లెన్స్ బిగింపు) కెమెరా ఉంది, ఎం42 అనే పాతకాలం మర బిగింపుతో ఉన్న 58 మి.మీ. లెన్స్ ఉంది, బడ్జెట్ లేదు. ఈ రెంటినీ కలిపే అడాప్టర్ మీరే చేసుకోవచ్చా, లేక గరుకు గాజుతో చేసే పాతకాలం అడాప్టర్ మేలా అని అడిగారు. రెండూ చేసి చూశాను. మొదటిది చేసుకోండి. రెండోదాని జోలికి వెళ్లకండి.

మొత్తం పని ఒక్క కొలత మీద ఆధారపడి ఉంటుంది. లెన్స్ వెనక ఆనే అంచు నుంచి సెన్సర్ దాకా ఎం42కి 45.46 మి.మీ. ఉండాలి. సోనీ ఈ-మౌంట్‌లో అది 18 మి.మీ. మిగిలిన 27.46 మి.మీ. మీరు చేసే అడాప్టర్ గొట్టం పొడవు. నేను మొదటిసారి స్కేలుతో కొలిచి 28 పెట్టాను. అర మిల్లీమీటరే కదా అనుకున్నాను. గదిలో క్లోజప్‌లు అద్భుతంగా వచ్చాయి. ఆరుబయట ఒక మనిషి దూరం నుంచి నడిచి వచ్చే షాట్ పెట్టాక తెలిసింది అసలు సంగతి. ఫోకస్ రింగ్ చివరిదాకా తిప్పినా ఆరు మీటర్లు దాటినదేదీ స్పష్టంగా రాలేదు. అదే 28 మి.మీ. వైడ్ లెన్స్ అయితే ఒకటిన్నర మీటరు దగ్గరే ఆగిపోయేది.

అందుకే 27.46 కాకుండా 27.2 దగ్గర ఆపండి. కాస్త పొట్టిగా ఉంటే ఫోకస్ ఇన్ఫినిటీ (చాలా దూరంలో ఉన్నవి స్పష్టంగా కనిపించే చోటు) దాటి వెళ్తుంది, లెన్స్ మీద రాసిన దూరాలు తప్పు చూపిస్తాయి, అంతే. కళ్లతో చూసి ఫోకస్ చేసేవాళ్లకి నష్టం లేదు. పొడవు ఎక్కువైతే మాత్రం చేసేదేమీ ఉండదు. వెర్నియర్ కాలిపర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. మామూలు ప్రింటింగ్ కాగితం మందం సుమారు 0.1 మి.మీ., కాబట్టి కాగితం రింగులు ఒక్కొక్కటే పెడుతూ ఇన్ఫినిటీ సరిచూసుకోవచ్చు.

నేను వాడినవి కెమెరా బాడీ క్యాప్ (లెన్స్ తీశాక కెమెరాకి పెట్టే మూత), ఎం42 మాక్రో రింగులు (క్లోజప్‌ల కోసం లెన్స్ వెనక పెట్టే గొట్టాలు). ఆ రింగులు మామూలుగా 7, 14, 28 మి.మీ. సెట్‌గా వస్తాయి. 28ది ఒక్కటే సరిపోతుందనిపిస్తుంది కానీ క్యాప్ మందం కూడా కలుస్తుంది, పొడవైపోతుంది. 7, 14 కలిపి, క్యాప్ మందం పోగా తక్కువైన దాన్ని గట్టి అట్ట రింగులతో నింపాను. క్యాప్‌కి రంధ్రం పెట్టడానికి కంపాస్‌తో గీత గీసి, దాని వెంట చిన్న చిన్న బెజ్జాలు వేసి, బ్లేడుతో తెంపి, ఉప్పు కాగితంతో నున్నగా చేశాను. క్యాప్ కెమెరాకి ఉండగా మాత్రం ఈ పని చేయకండి. తర్వాత కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. ప్లాస్టిక్ పొడి సెన్సర్‌కి అంటుకుంటే అంత తేలిగ్గా వదలదు.

జిగురు దగ్గర ఒక తప్పు చేశాను. తొందరలో సూపర్ గ్లూ రాసి, అరగంటకే లెన్స్ బిగించేశాను. పొద్దున చూస్తే లెన్స్ వెనక గాజు మీద తెల్లటి పొగమంచు పేరుకుంది. ఆ జిగురు ఆవిరి అలా పేరుకుంటుంది. రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వాడండి. రాత్రంతా వదిలేయండి, లెన్స్‌నీ కెమెరానీ దాని పక్కన కూడా పెట్టకండి.

గొట్టం లోపల నల్లగా ఉంటే చాలదు, మెరవకూడదు. ఫ్రేములో కిటికీ ఉన్న షాట్ తీస్తే నాకు నలుపంతా పాలు కలిపినట్టు తేలిపోయింది. లోపల మ్యాట్ నలుపు రంగు వేశాక దారికొచ్చింది. ఆ తర్వాత చీకటి గదిలో లెన్స్‌కి మూత పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) పెంచి, అతుకుల చుట్టూ టార్చి తిప్పండి. స్క్రీన్ మీద ఎక్కడైనా వెలుగు కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టే.

కెమెరా మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పనిచేసే ఆప్షన్ ఆన్ చేయడం మరచిపోకండి. బరువైన లెన్స్ అయితే కింద ఆధారం పెట్టండి, లేకపోతే ఫోకస్ తిప్పేటప్పుడు ఆ మెలిక అంతా జిగురు మీదే పడుతుంది.

మీకు కాకపోయినా, డీఎస్ఎల్ఆర్ ఉన్నవాళ్ల కోసం ఒక మాట. కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో లెన్స్ ఆనే అంచు నుంచి సెన్సర్ దాకా దూరం 44 మి.మీ., అంటే చేతిలో మిగిలేది 1.46 మి.మీ. మాత్రమే. ఇంట్లో అంత పలచగా చేయలేం, రెడీమేడ్ లోహపు రింగ్ కొనుక్కోవాలి. నైకాన్ ఎఫ్ మౌంట్‌లో అయితే 46.5 మి.మీ., లెన్స్‌కి కావాల్సినదానికన్నా ఎక్కువే, కాబట్టి మధ్యలో సరిదిద్దే కటకం లేకుండా ఇన్ఫినిటీ రాదు.

ఇక గరుకు గాజు. చిన్న సెన్సర్ క్యామ్‌కార్డర్లతో బ్యాక్‌గ్రౌండ్ మసకబారేది కాదు కాబట్టి, ఫొటో లెన్స్ బొమ్మని గరుకు గాజు మీద పడేసి, ఆ గాజునే క్యామ్‌కార్డర్‌తో దగ్గరగా తీసేవాళ్లం. బొమ్మ తలకిందులు. లైటు సగానికి సగం తినేసేది. గాజు నలుసులు ఫ్రేము నిండా ఇసుక చల్లినట్టు కనిపించేవి, వాటిని చెరిపేయడానికి సీడీని గరుకుగా రుద్ది మోటారుతో తిప్పేవాళ్లు. ఆ మోటారు రొద సౌండ్‌లోకి వచ్చేది! 2008లో నైకాన్ డీ90, కెనాన్ 5డీ మార్క్ 2 వీడియోతో వచ్చాక ఆ అవసరమే పోయింది. మీ కెమెరా సెన్సర్ ఎలాగూ పెద్దదే.

క్యాప్ కోసే ముందు మీ లెన్స్ మీద ‘A’ (ఆటో), ‘M’ (మాన్యువల్) అని స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే ‘M’ మీద పెట్టండి. స్విచ్ లేకుండా వెనక చిన్న పిన్ను మాత్రమే ఉంటే, అది నొక్కి ఉండేలా గొట్టం లోపల ఒక అంచు కట్టాలి, లేకపోతే అపర్చర్ రింగ్ (లెన్స్ లోపలి రంధ్రాన్ని చిన్నది, పెద్దది చేసేది) ఎంత తిప్పినా లెన్స్ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. చూసి చెప్పండి, ఆ అంచు ఎలా కట్టానో రాస్తాను.